పాఠానికి ముందే రాసిన జవాబులు

మా పాఠ్యపథకం రికార్డులో పేజీకి నాలుగు గడులుంటాయి. మొదటి గడిలో పాఠ్యాంశం, రెండోదాంట్లో టీచరు చేసే పని, మూడోదాంట్లో నల్లబల్ల మీద రాసేది. నాలుగో గడి పేరు 'పిల్లల స్పందన'. టీచరు ప్రశ్న అడిగితే పిల్లలు ఏం జవాబు చెబుతారో అక్కడ రాయాలి. ఎప్పుడు రాయాలి? పాఠం చెప్పడానికి వారం ముందు. పిల్లల మొహాలైనా చూడకముందే, వాళ్ళ నోట్లోంచి రాబోయే మాటలన్నీ నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాల్లో రాసి, నా బల్ల మీద సంతకానికి పెడతారు. ఈ విడ్డూరానికి నేను పదహారేళ్ళుగా సంతకాలు పెడుతూ వచ్చాను.

తమిళనాడులో హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే దారిలో ఒక ప్రైవేటు ట్రైనింగు కాలేజీలో బోధనా పద్ధతులు చెప్పడం నా ఉద్యోగం. టీచర్లు కాబోయేవాళ్ళలో తెలుగు మీడియం బడులకు ప్రాక్టీసుకు వెళ్ళేవాళ్ళు ఏడాదికి పది పన్నెండు మంది ఉంటారు. వాళ్ళ పాఠాలు వెనక బెంచీలో కూర్చుని చూడటం, రికార్డులు దిద్దడం, మార్కులు వేయడం నా బాధ్యత. ఈ పనిలో ఓపిక పెరుగుతుందని చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. నాకు మాత్రం ఉన్నది కూడా కరిగిపోయింది.

ఎందుకు కరగదు? ఆ నాలుగో గడిలో పిల్లలు మాట్లాడే తీరు చూడాలి మీరు. "అవును టీచర్, మొక్కలు సూర్యకాంతి సహాయంతో తమ ఆహారాన్ని తామే తయారు చేసుకుంటాయి" అంటాడు ఒక ఆరో తరగతి పిల్లవాడు. ఈ హోసూరు చుట్టుపక్కల అలా మాట్లాడిన పిల్లవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. కనబడితే దిష్టి తీయించాలి. పైగా ఒక్కరు రాసిన జవాబే పన్నెండు రికార్డుల్లోనూ ఉంటుంది, ఎందుకంటే అది పోయినేడాది సీనియర్ల రికార్డులోంచి దిగిన జవాబు, వాళ్ళకు వాళ్ళ సీనియర్ల దగ్గర్నుంచి దిగింది. బస్టాండు ఎదురు షాపులో చార్టులు తయారుగా అమ్ముతారు కాబట్టి, ఏ బడికి పోయినా అదే మందార పువ్వు అదే మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఇంకో తలనొప్పి ఉన్ముఖీకరణ. అంటే పాఠం పేరు టీచరు తన నోటితో చెప్పకూడదు. తెలివిగా ప్రశ్నలడిగి, పిల్లల నోటితోనే ఆ పేరు చెప్పించి, అప్పుడు బల్ల మీద రాయాలి. ఒకసారి ఒక ట్రైనీ 'నీరు' అనే మాట చెప్పించడానికి బయలుదేరింది. "పొద్దున లేచి ఏం చేస్తారు?" "పండ్లు తోముకుంటాం మిస్." "ఆ తర్వాత?" "టీ తాగతాం." "టీలో ఏమేం ఉంటాయి?" చక్కెర అన్నారు, పాలన్నారు, టీపొడి అన్నారు. "ఇంకా?" అని ఆ అమ్మాయి చేతులు పిసుక్కుంటూ ఉంటే, "బన్ను ముంచుకుంటాం మిస్" అన్నాడొకడు. పది నిమిషాలు ఇలా టీ చుట్టూ తిరిగాక, చివరి బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "ఈపొద్దు నీళ్ళ పాఠమని నిన్ననే చెప్పినారు కదా మిస్" అంది జాలిగా. నేను పళ్ళు కొరుక్కుంటూ నా నోట్సులో 'ఉన్ముఖీకరణ: బాగుంది' అని రాశాను. అలా రాయకపోతే ఆ భాగానికి మార్కులుండవు.

ఇదంతా ఇలా నడుస్తూ ఉండగా, ఒక బ్యాచిలో అత్తిముగం పక్క పల్లె నుంచి ఒకామె చేరింది. ముప్పై దాటిన మనిషి. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్ళు లైన్లో నిలబడి పనిచేస్తూనే కరస్పాండెన్సులో డిగ్రీ పాసై, ఉద్యోగం మానేసి మా దగ్గరికి వచ్చింది. తోటివాళ్ళంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు. ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళు. లైన్లో ప్రతి మనిషి తల మీద ఒక కాగితం వేలాడుతుందట, ఏ పని తర్వాత ఏ పనో అందులో ఉంటుందట, దాన్ని దాటి ఒక మర కూడా బిగించకూడదట. ఆ అలవాటు ఆమెకు బాగా పట్టింది. నేను ఏది ఎలా చెబితే అది అలాగే చేసేది. అలాంటి విద్యార్థిని దొరికితే ఏ లెక్చరరుకైనా సంతోషమే, నాకూ సంతోషంగానే ఉండేది.

ఆమెకు ఈ చదువు ఎందుకు కావాలో మొదటి నెలలోనే చెప్పింది.

"మా ఊరి బడిలో తెలుగు క్లాసు అయ్యవారు ఈ కోర్సు అయ్యే ఏడు మే నెలలో రిటైరవుతాడు మేడం. జూన్ లోపల నేను పాసయి వస్తే నన్నే పెట్టుకుంటామని హెడ్మాస్టరు సారు చెప్పినాడు. ఎవురూ దొరక్కపోతే ఆ పిల్లోళ్ళను తమిళ్ సెక్షన్లో కలిపేస్తారంట."

"ఈసారి కాకుంటే ఇంకోసారి రాయొచ్చు కదమ్మా" అన్నాను.

"ఇంకోసారి లేదు మేడం. మా ఆయన రెండేండ్లకే ఒప్పుకున్నాడు. తప్పితే మళ్ళా లైనుకే."

రెండో ఏడాది ప్రాక్టీసులో ఆమె మొదటి పాఠం చూడటానికి వెళ్ళాను. ఆరో తరగతి, పువ్వు పాఠం. ఆ బడి చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ళవాళ్ళు రోజా తోటల్లో, ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే పాలీహౌసుల్లో పని చేస్తారు. ఆమె మందార చార్టు తగిలించి, అన్నీ వరసగా అడుగుతూ పోయి, "రోజా పువ్వును ఎప్పుడు కోస్తారు?" అంది.

రెండు జడల పిల్ల ఒకతి వెంటనే లేచింది. "మొగ్గగా ఉండేటప్పుడే కొయ్యాల మిస్. విచ్చుకుంటే బెంగళూరు బండికి ఎత్తుకోరు. మాయమ్మ తెల్లారేలోపలే పోయి కోసేస్తుంది."

నేను పెన్ను పక్కన పెట్టి ముందుకు వంగాను. ఇలాంటి జవాబు కోసమే కదా ఎండలో ఇంత దూరం వస్తాం అనుకున్నాను.

"తప్పు. కూర్చో" అంది మా ట్రైనీ. "ఇంకెవరు చెప్తారు?"

ఎవరూ చెప్పలేదు. అంతవరకూ గలగలమంటున్న క్లాసు చల్లబడిపోయింది. ఆ రెండు జడల పిల్ల పక్కదాని వైపు తిరిగి, నేను తప్పా అన్నట్టు చూసింది. ఆమె మళ్ళీ అడిగింది, మూడోసారీ అడిగింది. చివరికి ముందు బెంచీ వాడు ఆమె మొహాన్నే చదివి, "విచ్చుకున్నాక, మిస్?" అన్నాడు. "వెరీ గుడ్" అంది.

పాఠం అయ్యాక ఆమెను వరండా చివరికి పిలిచాను. గొంతు తగ్గించాలని కూడా తోచలేదు నాకు.

"రోజాపూల సంగతి నీకు తెలీదా?"

"తెలుసు మేడం. పెండ్లికి ముందర నేనూ కోసినాను."

"మరి ఆ పిల్ల చెప్పింది తప్పా?"

"రైటే మేడం."

"రైటయితే ఎందుకు కూర్చోబెట్టినావు?"

"రికార్డులో అట్ల లేదు కదా మేడం."

ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు కళ్ళముందున్న పిల్ల ముఖ్యమా, చంకలో పెట్టుకున్న పుస్తకం ముఖ్యమా అన్నాను. ఆ పిల్ల ఇంక జన్మలో చెయ్యెత్తుతుందా అన్నాను. భయపడొద్దు, ఎవరి మొహమూ చూడకుండా తోచింది గట్టిగా చెప్పండని మొదటి రోజు నుంచీ మీ అందరికీ మొత్తుకుంటున్నాను కదా అన్నాను. అంతా ఆమె తల వంచుకుని విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, సంచిలోంచి రికార్డు చిత్తుప్రతి తీసి, ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"ఇది కూడా ఒకసారి చూడండి మేడం."

అదే పాఠం, అదే ప్రశ్న. నాలుగో గడిలో ఆమె చేతిరాత: 'మొగ్గగా ఉన్నప్పుడే కొయ్యాల మిస్.' దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కన ఎర్ర ఇంకుతో, 'ఇది స్పందన కాదు. పాఠ్యపుస్తక భాషలో పూర్తి వాక్యంగా తిరగరాయండి.' కింద నా సంతకం. దాని కింద సీనియర్ల రికార్డులోంచి దింపిన కొత్త జవాబు: 'పువ్వులు పూర్తిగా విచ్చుకున్న తర్వాత కోస్తారు టీచర్.'

ఆ సంతకం పెట్టినట్టు నాకు గుర్తే లేదు. పన్నెండు రికార్డులు ఒక్క కప్పు కాఫీ చల్లారేలోగా దిద్దే అలవాటు నాది. రోజా సంగతి చదివి ఉంటాను, మనసుకు ఎక్కి ఉండదు. 'కొయ్యాల' అన్న మాట ఒక్కటే కంటికి ఆని ఉంటుంది. సిగ్గు పడ్డాను. పడ్డానే కానీ, తప్పు నాదమ్మా అని ఒక్క ముక్క అనలేదు. దానికి బదులు కొత్త ఆజ్ఞ ఒకటి జారీ చేశాను.

"ఇంక మీదట ఆ నాలుగో గడి ఖాళీగా పెట్టు. పాఠం అయినాక, పిల్లోళ్ళు నిజంగా ఏం చెప్పినారో వాళ్ళ మాటల్లోనే రాయి."

"పరీక్ష పాఠానికి కూడానా మేడం? రికార్డు ముందురోజే ఇచ్చేయాల కదా. మార్కులేసేదానికి బయట్నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు ఖాళీ గడి చూస్తే ఒప్పుకుంటాడా?"

"నేను పక్కనే ఉంటాను కదమ్మా. నేను చెప్తాను ఆయనకు."

ఆ తర్వాతి వారాల్లో ఆమె రికార్డు ఒక్కటే నేను కూర్చుని చదివాను. నాలుగో గడి నిండా ఆ పిల్లల గొంతులే. చీమలకు దారి ఎలా తెలుస్తుందని అడిగితే 'ముందర పోయేదాని వెనకాల పోతాయి మిస్, తమ్ముడు నా వెనకాల వచ్చినట్ల' అని ఒకటి. టమాటా ఎందుకు కుళ్ళుతుందంటే 'రేటు లేనప్పుడు కొయ్యకుండా వదిలేస్తే కుళ్ళతాది' అని ఇంకొకటి. తప్పు జవాబులు కూడా తప్పుగానే రాసేది, దాని కింద తానేం అడిగి సరిచేసిందో రాసేది. అంతకు ముందు ఏ పాఠ్యపథకం చదివినా నాకు ఆవలింతలే వచ్చేవి, ఇవి చదువుతుంటే నవ్వొచ్చేది.

మిగతా పదకొండు మందికీ ఇదే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ప్రిన్సిపాల్‌కు ముందు చెప్పాలి, ఆయన పద్ధతి మార్చామంటే మండిపడతాడు. రేపు చెబుదాం, సోమవారం చెబుదాం అనుకుంటూ నాన్చాను. "అక్కకు మాత్రం ఎందుకు మేడం ఖాళీ గడి?" అని ఒకరిద్దరు అడిగితే, "మీ పని మీరు చూసుకోండి" అని కసిరాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఎక్స్‌టర్నల్‌గా కృష్ణగిరి నుంచి వచ్చిన పెద్దమనిషి మంచివాడే, కానీ తొందరలో ఉన్నాడు. మధ్యాహ్నం రాయకోటలో ఇంకో బడిలో పరీక్షట, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. ఆయనకు ఒక పక్క మా ప్రిన్సిపాల్, ఇంకో పక్క నేను, ముగ్గురం వెనక బెంచీలో కుదురుకున్నాం. ఆ రోజు పాఠం నీరు ఆవిరి కావడం.

"తడి బట్టలు ఎట్ల ఆరతాయి?" అని అడిగిందామె.

"ఎండకు మిస్" అన్నారు అందరూ.

"లేదు మిస్" అని ఒకడు లేచాడు. "మా నాయన కంపెనీ డ్రెస్సు సాయంత్రం ఉతికి ఇంట్లో ఫ్యాను కింద ఆరేస్తాం. ఎండ లేకపోయినా ఆరతాది."

ఆమె ఆగింది. "అవునా? ఎండ లేకుండా ఎట్ల ఆరింది మరి?" అని క్లాసు వైపు తిరిగింది. తలొకటి చెప్పారు. గాలి అన్నారు, ఫ్యానులోంచి వేడి వస్తుందన్నారు, నీళ్ళు కిందికి కారిపోతాయన్నారు. ఆమె ఎవరినీ కూర్చోమనలేదు. డస్టరు తడిపి నల్లబల్ల మీద రెండు చోట్ల ఒకే సైజులో తడి చేసి, ఇద్దర్ని పిలిచి ఒక మరక మీద నోటు పుస్తకంతో విసరమంది, రెండోదాన్ని అలాగే వదిలేసింది. విసిరింది చూస్తూ చూస్తూ ఆరిపోయింది. రెండోది తడిగానే ఉంది. క్లాసంతా లేచి నిలబడి అరుస్తోంది. వేడి అయితే రెండిటికీ ఒకటే కదా మిస్ అన్నాడు ఆ ఫ్యాను పిల్లవాడు, ఎవరూ అడక్కుండానే. పదహారేళ్ళలో నేను చూసిన పాఠాల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

ఎక్స్‌టర్నల్ తల ఎత్తలేదు. ఆయన రికార్డు పేజీలు తిరగేస్తున్నాడు. గంట కొట్టాక ఆమెను దగ్గరికి పిలిచి, ఆ రోజు పాఠం పేజీ మీద వేలు పెట్టాడు.

"ఏమమ్మా, ఇది ఖాళీగా పెట్టినావు? ఎవరు చెప్పినారు ఇట్ల చేయమని?"

ఆమె నా వైపు చూసింది.

నేను చెప్పాలి. నేను చెబుతానని మాట ఇచ్చాను. మాట గొంతు దాకా వచ్చింది కూడా. అప్పుడే నా చూపు ప్రిన్సిపాల్ మీద పడింది. ఆయన కనుబొమలు ముడిచి ఆ ఖాళీ గడినే చూస్తున్నాడు. ఇంతకాలం ఈయనకు చెప్పకుండా నడిపించాను, ఇప్పుడు బయటివాడి ముందు బయటపడితే ఏమంటాడో అనిపించింది. ఒక్క క్షణం ఆగి సర్ది చెబుదాం అనుకున్నాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

"ఎవురూ చెప్పలేదు సార్" అంది ఆమె. "టైము చాల్లేదు. మర్చిపోయినాను."

ఆయన పెదవి విరిచి, రికార్డు భాగానికి కనీస మార్కు కంటే తక్కువ వేశాడు. మా లెక్కలో ఏ ఒక్క భాగం తప్పినా ప్రాక్టికల్ మొత్తం తప్పినట్టే. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. సరే సార్ అని, బల్ల తుడిచి, పిల్లల్ని వరసలో పెట్టి బయటికి తీసుకుపోయింది. ఆయన పెన్నుకు మూత పెడుతుండగా నాకు నోరు పెగిలింది.

"సార్, ఆ గడి ఖాళీగా పెట్టమని చెప్పింది నేను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "ముందే చెప్పుంటే పోయేది కదా మేడం" అన్నాడు ఎక్స్‌టర్నల్ విసుగ్గా. "ఇంకుతో వేసేసినాను. కొట్టేయాలంటే మీరు కారణం రాసి సంతకం చేయాల." రాశాను. సూచన నాదనీ, ట్రైనీ తప్పేమీ లేదనీ రాశాను. ప్రిన్సిపాల్ ఆ కాగితం చదివి, "రేపు నా రూముకు రండి" అన్నాడు. ఎక్స్‌టర్నల్ మార్కు కొట్టేసి, సరిగ్గా పాసయ్యేంత వేశాడు. గడి ఖాళీయే కదా, ఇంతకంటే వేయలేను అన్నాడు.

"పాఠం ఎట్ల ఉండింది సార్?" అని ఉండబట్టలేక అడిగాను.

"పాఠమా? బాగానే ఉండింది. గోల కొంచెం ఎక్కువ" అని ఆయన రాయకోటకు వెళ్ళిపోయాడు.

ఆమె బస్సు స్టాపులో నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది, మొహం కడుక్కున్నట్టూ ఉంది. నేను గబగబా నడిచి వెళ్ళాను. ఏదో ఘనకార్యం చేసినదానిలా, "పాసయిపోయినావమ్మా! అది నా మాటేనని చెప్పేసినాను, రాసి కూడా ఇచ్చినాను" అన్నాను. నమస్కారం పెడుతుందనో, మేడం అని చెయ్యి పట్టుకుంటుందనో అనుకున్నాను. దాపరికం దేనికి, అలాగే ఆశపడ్డాను.

"ఎప్పుడు చెప్పినారు మేడం?"

"నువ్వు పిల్లల్ని తీసుకుని పోయినాక."

ఆమె రోడ్డు వైపు తిరిగింది. రెండేళ్ళలో ఎన్నడూ నా ముందు గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు.

"రెండేండ్లు మా మింద విసుక్కుంటానే ఉన్నారు మేడం. భయపడొద్దు, తోచింది గట్టిగా చెప్పు, ఎవురి మొహమూ చూడొద్దు అని. ఆయప్ప అడిగినప్పుడు నేను మిమ్మల్ని చూసినాను. మీరు ప్రిన్సిపాల్ సారును చూసినారు."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ప్రిన్సిపాల్ రూములో పడ్డ అక్షింతలు ఆ మాట ముందు నాకు లెక్కలోకి రాలేదు.

జూన్లో ఆమె వాళ్ళ ఊరి బడిలో చేరింది. తెలుగు క్లాసు నిలబడింది. నాకు ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. ఈ ఏడాది ప్రాక్టీసుకు బడులు వెతుకుతుంటే ఆమె క్లాసు గుర్తొచ్చింది. మా ట్రైనీలకు అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? నంబరు తీసి ఫోను చేశాను. కుశలమడిగింది, పిల్లల గురించి సంతోషంగా చెప్పింది. ఎంతమందినైనా పంపండి మేడం, దగ్గరుండి నేర్పిస్తాను అంది.

"మంచిదమ్మా. పాఠాలు చూడటానికి నేను వారానికోసారి వస్తాను" అన్నాను.

"వాళ్ళను పంపండి మేడం. మీరు మాత్రం రావద్దండి. మీరు వెనకాల కూసోనుంటే నేను పిల్లోళ్ళను వదిలేసి మళ్ళా మీ మొహమే చూస్తాను."

సరేనమ్మా, రాను అన్నాను.